ప్రెసిడెంటుగారి శాలువాల బొంత

మగవాళ్ళ మేలుకోరి చెబుతున్న మాట ఇది. కోప్పడకుండా వినండి. ఇరవై రెండేళ్ళుగా మూతపడి ఉన్న కుట్టుమిషన్ని ఇంటి ఇల్లాలు మళ్ళీ తెరవడాన్ని మించిన మేలు మొగుడనేవాడికి ఈ భూమ్మీద ఇంకొకటి లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. తిరువూరులో జగన్నాథరావుగారు కూడా మొదట నవ్వారు. ఆ తరవాత ఆయనకి కూర్చునే కుర్చీలో సూది దొరికింది. తాగే మజ్జిగలో దారం దొరికింది. బీరువాలో దాచుకున్న శాలువాలు మాత్రం దొరకలేదు. అయినాసరే, ఆయనకి మేలే జరిగింది. ఎలాగంటారా? అదే చెప్పబోతున్నది.

జగన్నాథరావుగారికి అప్పటికి యాభై మూడేళ్ళు. మామిడితోట ఉంది, పత్తిచేను ఉంది, వాటిని చూసుకోడానికి నమ్మకమైన మనుషులున్నారు. కాబట్టి ఆయనకి దేశాన్ని చూసుకునే తీరిక దొరికింది. ఊళ్ళో ‘విజ్ఞాన వికాస సంఘం’ అని ఒకటుండేది. పద్నాలుగుమంది సభ్యులు, ఒక క్యారమ్ బోర్డు, గాలిపోయే హార్మోనియం, ఒక మైకు. ఆ మైకుకి, అంటే సంఘానికి, ఆయన ప్రెసిడెంటు.

ఆయన చేలో పత్తి పండేది గాని, ఆయన స్వయంగా పండించేది ఉపన్యాసం. ఏ విషయమైనా సరే! యూరియా మీద ముప్పావుగంట. యువతరం మీద గంట. మితంగా మాట్లాడవలసిన అవసరం మీద ఒకసారి గంటన్నర మాట్లాడారు. ఆ రోజు పెట్రోమాక్సు లైటు ఆరిపోయాక కూడా ఆగలేదు.

ఉపన్యాసానికి ఫలితం శాలువా. స్కూలు వార్షికోత్సవానికి ఒకటి, గ్రంథాలయ వారోత్సవాలకి ఒకటి, పశువుల ప్రదర్శనకి ఒకటి, ఇలా మొత్తం తొమ్మిది శాలువాలు పోగయ్యాయి. వాటిని కలరా ఉండలేసి బీరువాలో దాచేవారు. ఆదివారం ఆదివారం బయటికి తీసి వసారా కమ్మీ మీద ఎండేసేవారు. తిరువూరులో శాలువాలకి అంత ఎండ అవసరమా అని అడక్కండి. ఎండ శాలువాలకి, చూపు వీధిలో వాళ్ళకి!

ఇంతవరకూ లోకం సవ్యంగా నడిచింది. చెడగొట్టింది ఒక వారపత్రిక.

అందులో ఎవరో రాశారు, పై దేశాల్లో ప్రతి గృహిణికీ ఒక హాబీ ఉంటుందని. చదవగానే జగన్నాథరావుగారికి రక్తం ఉడికింది. మన ఆడవాళ్ళకి హాబీ లేదే! ఎంత వెనకబాటుతనం! ఆ శనివారం సాయంత్రమే మీటింగు పెట్టించారు. ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పిలిపించి చాపలమీద కూర్చోబెట్టారు.

“అమ్మలారా, అక్కలారా! తీరిక సమయాన్ని మీరెలా గడుపుతున్నారు?” అని గర్జించారు.

చాపలమీద ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తీరిక అనే వస్తువు ఏ కొట్లో దొరుకుతుందో వాళ్ళకి తెలీదు. మూడో వరసలో ప్రెసిడెంటుగారి భార్య సరోజినీదేవి కూర్చుంది. ఆ రోజు ఆవిడ పన్నెండుమంది కూలీలకి వంటచేసి, గేదెని కట్టేసి, అత్తగారి కాళ్ళకి నూనె రాసి, ఆ తరవాత మొహం కడుక్కుని వచ్చింది.

“పొండి! ఇప్పుడే ఇళ్ళకి పొండి! మీలో నిద్రపోతున్న హాబీని తట్టిలేపండి!” అన్నారు ప్రెసిడెంటుగారు. చప్పట్లు మోగాయి.

సరోజినీదేవి ఇంటికి వెళ్ళి తట్టిలేపింది.

ఇన్నేళ్ళలో ఆయన ఉపన్యాసం విని ఎవరైనా ఏదైనా చెయ్యడం అదే మొదటిసారి. పాపం, దానికి ఆయన సిద్ధంగా లేరు.

సరోజినీదేవి పుట్టిల్లు నెమలి అనే ఊరు. పెళ్ళికాకముందే అక్కడ మేనత్త దగ్గర కుట్టుపని నేర్చుకుంది. జాకెట్లు కుట్టేది, ఊళ్ళో చంటిపిల్లలకి చొక్కాలు కుట్టేది, చలికాలం వస్తే అరుగుమీద పాతచీరలు పరిచి దబ్బనంతో బొంతలు కుట్టేది. కాపురానికి వస్తూ కాలిమిషన్ని కూడా తెచ్చుకుంది. నెల తిరక్కుండానే అత్తగారు హనుమాయమ్మగారు దానికి మూత వేయించారు.

“ఇంటి కోడలు పొద్దస్తమానం మిషను తొక్కుతుంటే చూసినవాళ్ళేం అనుకుంటారు? కూలికి కుడుతోందనుకోరూ?” అన్నారావిడ.

“అవును కదా,” అన్నారు జగన్నాథరావుగారు.

ఆ ‘అవును కదా’ ఇరవై రెండేళ్ళు పనిచేసింది. మిషను మీద మొదట ఒక గుడ్డ పడింది, గుడ్డమీద పూలకూజా వచ్చింది, చివరికి రేడియో వచ్చి కూర్చుంది.

మీటింగు మర్నాడు జగన్నాథరావుగారు వార్తలు వినడానికి వచ్చేసరికి రేడియో బియ్యపుబస్తా పక్కన నేలమీద ఉంది. మిషను మూత తీసి ఉంది. వీధికి అవతలవైపు ఉండే ప్రేమావతి టీచరు కిందకి వంగి దానికి కొత్త బెల్టు తగిలిస్తోంది. ప్రేమావతి క్రైస్తవ మిషన్ స్కూల్లో పిల్లలకి కుట్టుపని నేర్పే టీచరు. మాట మెత్తన, పని గట్టి.

“ఇంత మంచి మిషన్ని ఇన్నాళ్ళు ఎలా ఊరకుంచారండీ?” అందామె.

“రేడియో పెట్టుకోడానికి వాటంగా ఉండేదండీ,” అంది సరోజినీదేవి.

నూనె పడగానే మిషను ఒకసారి మూలిగింది. మరోసారి దగ్గింది. ఆ తరవాత అందుకుంది. టకటకటకటక!

ఇప్పుడు చూడండి, ఆ రోజునుంచి జగన్నాథరావుగారికి కలిగిన లాభాలు! వార్తలకోసం రోజూ నేలమీద చతికిలబడటంవల్ల మోకాళ్ళకి వ్యాయామం. వార్తలేమో సగమే వినపడేవి: “ధరలు టకటకటక పెరగడంతో మంత్రిగారు టకటకటక అని హామీ ఇచ్చారు.” ఎంత పెరిగాయో తెలియదు, ఏం హామీ ఇచ్చారో తెలియదు. మనశ్శాంతి! కాఫీ వేళ తప్పి రావడంవల్ల ఓర్పు పెరిగింది. కుర్చీలో సూది ఉందేమో అని చూసుకుని కూర్చోవడంవల్ల ముందుచూపు అలవడింది. డబ్బిచ్చి కొన్నా దొరుకుతాయా ఈ గుణాలు?

అత్తగారి సంగతి వేరు. ప్రేమావతి క్రైస్తవురాలని హనుమాయమ్మగారు ఆవిణ్ణి గడప దాటనివ్వలేదు. వసారాలో పీట వేయించారు. కోడలు ఎదురుచెప్పలేదు. పాలేళ్ళని పిలిచి మిషన్ని కూడా వసారాలోకి మోయించింది.

“ఇదేంటే?” అన్నారు అత్తగారు.

“టీచరుగారు అక్కడ కూర్చుని, నేను ఇక్కడ కూర్చుంటే నేర్చుకునేదెలా అత్తయ్యా?”

దాంతో ఏ వీధి చూస్తుందని ఇరవై రెండేళ్ళు భయపడ్డారో ఆ వీధి మొత్తం నిలబడి చూసింది. చూడ్డమే కాదు, చిరిగిన జాకెట్లు పట్టుకొచ్చింది. నాలుగోరోజుకి హనుమాయమ్మగారు తనే వచ్చి, “లోపలికి రండమ్మా ఇద్దరూ, వీధిలో ఏం భాగోతం,” అన్నారు. అలా ప్రేమావతి హాల్లోకి వచ్చింది. గడపలు అందరికీ తెరవాలని సంఘం పన్నెండేళ్ళుగా తీర్మానాలు చేస్తోంది. ఈ గడప మాత్రం కుట్టుమిషను కోసం తెరుచుకుంది.

జాకెట్లు అయ్యాయి. దిండుగలేబులు అయ్యాయి. మార్గశిరం వచ్చి చలి మొదలైంది. సరోజినీదేవికి బొంతమీద మనసు పోయింది.

మన బొంత సంగతి మీకు తెలిసిందే. పాతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచునుంచి అంచుకి దబ్బనంతో కుట్లు వేసుకుంటూ పోవడం. ప్రేమావతికి ఇంకో తరహా తెలుసు. చిన్నప్పుడు హాస్టల్లో ఒక దొరసానమ్మ నేర్పిందట. గుడ్డని ముక్కోణాలుగా, నలుచదరాలుగా కత్తిరించి, రంగుకి రంగు అతికి, నక్షత్రాలు తేలేట్టు పైపొర కుట్టడం. అడుగున మన పొరలు, పైన ఆ నక్షత్రాలు. ఇద్దరూ కలిసి అలాంటిది కుడదామనుకున్నారు. అడుగుకి చీరలున్నాయి. పైకి రంగురంగుల గుడ్డ, కాస్త వెచ్చగా ఉండేది కావాలి.

సరోజినీదేవి బీరువా తెరిచింది.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆవిడ అడిగింది. జగన్నాథరావుగారు అప్పుడు సంఘం వార్షికోత్సవానికి ఉపన్యాసం రాసుకుంటున్నారు.

“ఏవండీ, ఈ శాలువాలు మీరు కప్పుకోరు గదా?”

“ఊఁ.”

“ఊరికే పురుగు పట్టిపోతున్నాయి. బొంతలోకి వాడుకోనా?”

“ఊఁ.”

“తొమ్మిదీ తీసుకుంటాను మరి.”

“ఊఁ ఊఁ.”

చివరిదానికైతే రెండుసార్లు అన్నారు! ఇంతకన్నా స్పష్టమైన అంగీకారం ఏ కోర్టులో ఉంటుంది? ఆవిడ కత్తెర తీసుకుంది.

వార్షికోత్సవం డిసెంబరు నెలలో ఒక ఆదివారం. ముఖ్య అతిథి ఆదిశేషయ్యగారు. బెజవాడలో ఉంటారు. కాలవల మీద ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. డెబ్భై దాటాయి. మధ్యాహ్నం బస్సుకి దిగారు. కిటికీ పక్కన కూర్చుని వచ్చినందువల్ల దిగేటప్పటికే ముక్కు కారుతోంది.

నాలుగింటికి సంఘం సెక్రెటరీ అంకారావు ప్రెసిడెంటుగారింటికి వచ్చాడు. అతిథికి శాలువా కావాలి. ఇందులో ఒక పద్ధతి ఉంది. సంఘం ఏనాడూ శాలువా కొనదు. ప్రెసిడెంటుగారు తన తొమ్మిదింటిలోంచి కాస్త వెలిసినదాన్ని ఉదారంగా ఇచ్చేస్తారు. వచ్చే ఏటిలోగా ఇంకోచోట ఇంకోటి కప్పించుకుని లెక్క సరిచేసుకుంటారు.

జగన్నాథరావుగారు బీరువా తెరిచారు. కలరా ఉండలు మాత్రం దొర్లుకుంటూ వచ్చాయి.

“ఇదిగో! నా శాలువాలేవీ?”

సరోజినీదేవి వంటింట్లోంచి వచ్చింది. “బొంత కుట్టానండి. మిమ్మల్ని అడిగే తీసుకున్నాను.”

“ఎప్పుడు అడిగావు?”

“పన్నెండు రోజులైంది, మంగళవారం నాడు. మీరు ఊఁ అన్నారు. అడిగిన మూడుసార్లూ.”

మంచం మీద మడిచిపెట్టి ఉంది బొంత. విప్పి చూపించింది. జగన్నాథరావుగారికి కళ్ళు తిరిగాయి. పశువుల ప్రదర్శన ఊదారంగు శాలువా మధ్యలో నక్షత్రమై కూర్చుంది. గ్రంథాలయం తాలూకు పచ్చరంగుది చుట్టూ రేకులైంది. అధిక దిగుబడి వరివంగడాల సభలో కప్పినది నాలుగు మూలలకీ పోయింది.

“ఇరవయ్యేళ్ళ గౌరవం!” అన్నారు. “ముక్కలు ముక్కలు చేశావు గదే!”

ఇరవై రెండేళ్ళలో ఆయన కోప్పడిన ప్రతిసారీ సరోజినీదేవి తలవంచుకుని పక్కకి వెళ్ళిపోయేది. ఈసారి కదల్లేదు. అక్కడే నిలబడింది.

“ముక్కలు చేసిన మాట నిజమేనండీ. మళ్ళీ కలిపి కుట్టింది కూడా నేనే. పది రోజులు పట్టింది. దాన్ని ఒకసారి చూసి తిట్టండి.”

ఆయన చూళ్ళేదు. అంకారావు వైపు తిరిగారు. ఆదివారం, ఊళ్ళో గుడ్డలకొట్లు మూసి ఉన్నాయి. విస్సన్నపేట వెళ్ళి రావాలంటే సభ అయిపోతుంది. ఇద్దరూ తల పట్టుకున్నారు.

అప్పుడు మూలనుంచి హనుమాయమ్మగారి గొంతు వచ్చింది.

“ఒరే జగన్నాథం, ఆ బొంతే కప్పరా.”

“బొంతా! అతిథికి బొంత కప్పమంటావా అమ్మా?”

“నీ శాలువాలు అందులోనే ఉన్నాయిగా? ఒక్కటి కాదు, తొమ్మిదీ కప్పినట్టవుతుంది. నీకే పేరు.”

ఆవిడ వెటకారంగా అన్నారో, నిజంగానే అన్నారో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. అంకారావు మాత్రం ఊరటపడి, బొంతని రెండు చేతులమీద దూడని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాడు.

సభ ఆరింటికి మొదలైంది. చలిగాలి విసురుతోంది. ఆదిశేషయ్యగారు స్టేజీ మీద తుమ్ముతూ, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. జగన్నాథరావుగారు ఆయన్ని పరిచయం చెయ్యడానికి నలభై నిమిషాలు తీసుకున్నారు. అందులో అతిథి ప్రసక్తి రెండుసార్లు వచ్చింది. చివరికి తప్పదు గనక, “ఇప్పుడు శాలువా... అంటే శాలువాల వంటి... సత్కారం,” అన్నారు.

అంకారావు బొంత విప్పాడు. ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనక ఒకాయన, “పరుపు కూడా తెస్తున్నారా?” అని అడిగాడు. జగన్నాథరావుగారు కళ్ళు మూసుకుని ఆ బరువుని పెద్దాయన భుజాలమీద వేసేశారు.

ఆదిశేషయ్యగారు మొదట కాస్త కుంగారు. ఆ తరవాత ఆయన మొహంలో ఏదో మారింది. రెండు కొసలూ దగ్గరికి లాక్కున్నారు. గడ్డందాకా కప్పుకున్నారు. తుమ్ము ఆగింది. శాలువా కప్పగానే తీసి మడిచి బల్లమీద పెట్టడం సభా మర్యాద గదా? ఆయన తియ్యలేదు. దండ వేస్తామన్నా తియ్యలేదు. దండ బొంతమీదే వెయ్యాల్సొచ్చింది.

మాట్లాడమంటే బొంతతోనే లేచారు.

“నాకు ఉద్యోగంలో చాలా శాలువాలు కప్పారండీ,” అన్నారు. “ఒక్కటీ చలి ఆపలేదు. చలికోసం కప్పరు గదా మరి! దీన్ని మాత్రం ఎవరో చలి గురించి ఆలోచించి కుట్టారు. ఎవరు కుట్టారు?”

జగన్నాథరావుగారు మైకు దగ్గరికి జరిగారు. అలవాటు. “ఇది మా సంఘం తరఫున, సంఘం ఆశయాలకి అనుగుణంగా, సమష్టి కృషితో...”

“మా కోడలు కుట్టింది!”

ఆడవాళ్ళ వైపునుంచి వచ్చింది ఆ కేక. హనుమాయమ్మగారు! డెబ్భై అయిదేళ్ళ మనిషి, కర్ర ఆనుకుని లేచి నిలబడ్డారు. “సంఘమేంటి, సంఘం! వీళ్ళలో ఒక్కడికైనా సూదిలో దారం ఎక్కించడం వచ్చేమో అడగండి బాబూ. నా కోడలూ, ఈ టీచరమ్మా కూర్చుని కుట్టారు. నేను చూశాను.”

హాలంతా గొల్లుమంది. ఆదిశేషయ్యగారు కూడా నవ్వారు. “మీ పేరేంటమ్మా?” అని అడిగారు.

“సరోజినీదేవి అండి.”

“స్టేజీ మీదికి రండి.”

ఆవిడ రాలేదు. ఉన్నచోటే లేచి నిలబడి, చెంగు భుజాలచుట్టూ కప్పుకుంది. పెద్దాయన అక్కడినుంచే ఒక్కో ముక్కా వేలుపెట్టి చూపిస్తూ అడగసాగారు. ఇదేంటి? ఈ అంచు ఎక్కడిది? ఈ కుట్టు ఇలా వంకర ఎందుకు తిరిగింది?

మొదట ఆవిడ ప్రేమావతికేసి చూసింది. ప్రేమావతి మోచేత్తో పొడిచింది. ఆ తరవాత మాట వచ్చింది.

“ఆ ఊదాముక్క పశువుల ప్రదర్శనలో మావారికి కప్పిందండి. చుట్టూ ఉన్న ఎర్రంచు మా అత్తగారి చీర, మా మావగారు పోకముందు ఆవిడ కట్టుకునేవారు. అడుగున చిలకపచ్చది టీచరుగారి అమ్మగారిది. వంకర తిరిగింది అంటున్నారే, అక్కడ గేదె కట్టు తెంచుకుందండి. లేచి పరిగెత్తాను. వచ్చి కూర్చున్నాక విప్పి మళ్ళీ కుడదామనుకున్నాను. పోనీలే, ఆ రోజు కూడా అందులో ఉండనీ అనిపించింది.”

పది నిమిషాలు మాట్లాడిందావిడ. కాగితం లేదు, మైకు లేదు. జగన్నాథరావుగారు స్టేజీ మీదినుంచి హాలంతా చూశారు. ఒక్కడు దగ్గలేదు. ఒక్కడు బీడీ కాల్చుకోడానికి బయటికి పోలేదు. తలుపు దగ్గర చెప్పులు వెతుక్కునే చప్పుడు లేదు. ఇరవయ్యేళ్ళ అనుభవంలో ఆయన అలాంటి సభని చూడలేదు. ఈవిడ మాట్లాడగలదని గాని, ఇన్ని సంగతులు ఈవిడ తలలో ఉన్నాయని గాని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? చెప్పవలసిన మనిషి చెబుతున్నప్పుడు ఆయన ఊఁ అంటున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆదిశేషయ్యగారు బొంతని సంచిలో కూడా పెట్టుకోకుండా, కప్పుకునే బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఇంట్లో రెండు వారాలు రేడియో మోగలేదు. కోపమో, సిగ్గో జగన్నాథరావుగారికే తెలియదు. వసారా కమ్మీ మీద ఆదివారం ఎండేసుకోడానికి ఏమీ లేదు. ఆ కమ్మీ మీద ఇప్పుడు వీధివాళ్ళు తెచ్చిపడేసిన పాతచీరలు ఆరుతున్నాయి. ఊళ్ళో ఫలానా ప్రెసిడెంటుగారిల్లు ఎక్కడ అంటే తెలియనివాళ్ళు, బొంతలామె ఇల్లు ఎక్కడ అంటే చెయ్యి చాపి చూపిస్తున్నారు. ఇదీ లాభమే! ఇంటి అడ్రసు తేలికైపోయింది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి పోస్టుమాన్ జోజప్ప పెద్ద పార్సిలుతో వచ్చాడు. రిజిస్టరు. జగన్నాథరావుగారు జేబులోంచి పెన్ను తీసి చెయ్యి చాపారు.

“మీది కాదండి,” అన్నాడు జోజప్ప మొహమాటపడుతూ. “సరోజినీదేవి గారని ఉంది. అమ్మగారే సంతకం పెట్టాలి.”

“నేను పెడతానులేవయ్యా. ఎవరు పెడితే ఏంటి?”

“ఆవిడ ఇంట్లోనే ఉన్నారు కదండీ. మిషను చప్పుడు వినపడుతోంది.”

ఆవిడ వచ్చింది. వేలికి ఇత్తడి తొడుగు ఉంది. దాన్ని తీసి బొడ్లో దోపుకుని, కాగితం మీద పేరు రాసింది. గుండ్రటి అక్షరాలు, కుట్టినట్టు ఒకే దూరంలో ఉన్నాయి. జగన్నాథరావుగారు ఆ సంతకంకేసి కాస్త ఎక్కువసేపే చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ చేతిరాత ఆయన కంటపడటం అదే మొదలు. నెమలికి రాయవలసిన ఉత్తరాలన్నీ ఆయనే రాసేవారు. “మీ అమ్మాయి క్షేమం” అని ఒక వాక్యం, మిగతాదంతా దేశ పరిస్థితి.

పార్సిలు విప్పితే ఏడు చీరలు. నేతచీరలు, కట్టి కట్టి మెత్తబడ్డవి. పైన ఉత్తరం. కళ్ళజోడు మిషను మీద ఉండిపోయిందని ఆవిడ ఆయన్నే చదవమంది.

“అమ్మా, ఇవి మా ఆవిడవి. పోయి ఆరేళ్ళయింది. ఇచ్చెయ్యడానికి మనసొప్పక, పెట్టె తెరిచే ధైర్యంలేక అలాగే ఉంచాను. మీరు కప్పిన బొంత చూశాక తెరిచాను. వీటితో నాకొక బొంత కుట్టిపెట్టండి. ఏ చీర మధ్యలో రావాలో మీరే చూడండి. నన్ను అడిగితే చెప్పలేను. ఏది ఆవిడకి ఇష్టమో నాకు తెలియదు. కాలవల కొలతలన్నీ ఈ రోజుకీ నోటికి చెబుతాను. ఇది మాత్రం ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.”

జగన్నాథరావుగారు ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు. గొప్ప వాక్యాలు దొరికితే నోట్‌బుక్కులో ఎక్కించుకోవడం ఆయన అలవాటు. దీన్ని ఎక్కించుకోలేదు. ఉత్తరం మడిచి ఆవిడ చేతికిచ్చారు.

సరోజినీదేవి ఏడు చీరలూ చాపమీద పరిచింది. అంచులు తడిమింది, మడతల్లో చూసింది. “ఇదిగో, ఈ వంకాయరంగుది. కొంగు బాగా నలిగింది, రెండుచోట్ల చిరుగు రఫ్ఫు చేసుకుందావిడ. ఇష్టం లేనిదాన్ని ఎవరూ రెండుసార్లు బాగుచేసుకోరు,” అంది. ఆ చీరని మధ్యలో పెట్టింది.

మగమహాశయులారా! మొదట మేలన్నాను గాని, ఇప్పుడు హెచ్చరిస్తున్నాను. మీ ఇళ్ళల్లో కుట్టుమిషన్లుంటే వాటిమీద రేడియోలు పెట్టండి, రేడియోల మీద పూలకూజాలు పెట్టండి, అది చాలకపోతే మీరే ఎక్కి కూర్చోండి. పొరపాటున తెరవనిచ్చారా, మీకు కొత్త జబ్బు పట్టుకుంటుంది. యూరియా గురించి తెలిసినంత కూడా ఇంట్లో మనిషి గురించి తెలియదని తెలియడమే ఆ జబ్బు. మందు లేదు. జగన్నాథరావుగారికి అది ఆ మధ్యాహ్నమే పట్టుకుంది.

సాయంత్రం మీటింగుకి బయల్దేరబోతూ ఆయన హాల్లో ఆగారు. ఆవిడ మిషను దగ్గర ఉంది. ఆయన కండువా సర్దుకున్నారు. గొంతు సర్దుకున్నారు. వెయ్యిమంది ముందు తడబడని మనిషి కండువా మళ్ళీ సర్దుకున్నారు.

“ఇదిగో... సరోజినీ,” అన్నారు.

మిషను టక్కున ఆగింది.

“నీకు... ఏ రంగు ఇష్టం?”

ఆవిడ ఆయన మొహంకేసి చూసింది. లేచి వచ్చి నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. “ఒంట్లో బాగానే ఉందా అండీ? మధ్యాహ్నం కూడా సరిగ్గా తినలేదు.”

“బాగానే ఉంది. అడుగుతున్నాను, చెప్పు.”

“ఇప్పుడు అడిగితే ఎలా చెప్పనూ? పెళ్ళిచీర మీ అమ్మగారు తీశారు. తరవాత పండగ పండక్కీ ఏది తెస్తే అది కట్టాను.” అంటూనే ఆవిడ గుడ్డముక్కల బుట్ట దగ్గర కూర్చుంది. ఒక ముక్క తీసి వెలుతురులో పట్టుకుంది. కాదనుకుని పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. దాన్నీ పెట్టేసింది. చిన్నపిల్లలా బుట్ట అడుగుకంటా చెయ్యిపెట్టి వెతకడం మొదలుపెట్టింది.

జగన్నాథరావుగారు పక్కనే పీట లాక్కుని కూర్చున్నారు.

వీధిలో సైకిలు బెల్లు మోగింది. “ప్రెసిడెంటుగారూ! అందరూ వచ్చేశారండీ! మైకు పెట్టేశాం!” అని అంకారావు కేక.

“ఉండవయ్యా!” అన్నారు ఆయన తల తిప్పకుండా. “ఆవిడ చెబుతోంది.”